సండే స్కూలులో రాజుల పాఠం: కిరీటంతో మొదలుపెట్టకండి

చిత్తూరులో మా సంఘపు పిల్లలకు నేను చెప్పే పాఠాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇస్రాయేలు రాజుల చరిత్ర. చాలామంది దీన్ని దావీదు గొల్యాతు అనే రాక్షసాకారుణ్ణి చంపిన కథ దగ్గరో, సొలొమోను సింహాసనం దగ్గరో ఎత్తుకుంటారు. అప్పుడు రాజంటే కిరీటం, కత్తి, గుర్రం అని సినిమాల్లో చూసిందే పిల్లల మనసులో గట్టిపడుతుంది. రాజు కింద బతికిన రైతు వారికి కనిపించడు. బైబిలు మాత్రం ఆ రైతు మీద పడబోయే బరువును ముందే లెక్కపెట్టి చెబుతుంది. అందుకే నా మొదటి పాఠం మొదటి సమూయేలు 8వ అధ్యాయం.

ఆ రోజు ఒక్కొక్కరి చేతిలో పది వేరుశనగ కాయలు పెట్టండి. తినవద్దని ముందే చెప్పండి. పెద్దలు రామాకు వచ్చి, ఇతర జనాలకు ఉన్నట్టే మాకూ రాజు కావాలని, అప్పటిదాకా వారిని నడిపించిన ప్రవక్త సమూయేలును అడిగిన సంగతి చెప్పి, ఆయన హెచ్చరికను ఆగి ఆగి చదవండి. మీ కొడుకులను తన రథాల ముందు పరుగెత్తిస్తాడు. మీ కూతుళ్లను వంటలకూ రొట్టెలు కాల్చడానికీ పెట్టుకుంటాడు. మంచి పొలాలు తీసుకుని తన కొలువువారికి ఇస్తాడు. పంటలో పదోవంతు. మందలో పదోవంతు. ప్రతి మాటకూ ఒక కాయ బల్లమీదకు రావాలి. చివరికి చేతిలో సగమే మిగులుతాయి. మా దగ్గర చాలామంది ఇళ్లలో వేరుశనగ పంట ఉంది కాబట్టి ఆ నష్టం వారికి విప్పి చెప్పనక్కరలేదు. “మా చెల్లిని కూడా తీసుకుపోతాడా టీచర్?” అని ఒక అమ్మాయి అడిగింది. తీసుకుపోతాడనే చెప్పాను. ఆ జవాబును మెత్తబరచకండి.

అలాగని రాజును అడిగిన పెద్దలను మూర్ఖులుగా చూపడం న్యాయం కాదు. సమూయేలు ముసలివాడయ్యాడు, ఆయన కొడుకులు లంచాలు తిన్నారు, పొరుగు శత్రువులైన ఫిలిష్తీయుల భయం తీరలేదు. ఈ మాట చెప్పినప్పుడే పెద్ద పిల్లలు ఆలోచనలో పడతారు.

చిన్న తరగతులకు న్యాయాధిపతులు 9లో యోతాము చెప్పిన చెట్ల కథ చాలు. ఒలీవ, అంజూరం, ద్రాక్ష రాజరికం వద్దంటాయి. ముళ్లపొద ఒప్పుకుని, నా నీడకు రండి అంటుంది. ముళ్లపొదకు నీడెక్కడిదని పిల్లలే అంటారు, మీరు తొందరపడకండి.

తర్వాతి వారం ద్వితీయోపదేశకాండము 17. ఏది వదిలినా దీన్ని వదలవద్దు. రాజు గుర్రాలనూ భార్యలనూ వెండి బంగారాలనూ విస్తరించుకోకూడదు, ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకుని బతికినన్నాళ్లూ చదవాలి. పక్కన బబులోనును పెట్టి చూపండి. క్రీస్తుకు పూర్వం 18వ శతాబ్దంలో బబులోను రాజు హమ్మురాబి చట్టాలు చెక్కించిన నల్లరాయి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. పైభాగంలో రాజు సూర్యదేవుడైన షమాషు ఎదుట నిలబడి ఉంటాడు, కింది చట్టాలు రాజు పేరునే వెలువడ్డాయి. ఇస్రాయేలు రాజు నకలు రాసుకుని లోబడవలసినవాడు. అందుకే రాజు వేషం వేసినవారికి నేను అట్టకిరీటం ఇవ్వను. కాగితం, కలం ఇచ్చి పది ఆజ్ఞలు రాయిస్తాను. మిగిలినవారు ఆటలో ఉన్నా ఆ పని పూర్తి కావలసిందే. సొలొమోను ఆ మూడు హద్దులూ ఎలా దాటాడో మొదటి రాజులు 10, 11 అధ్యాయాల్లో పిల్లలచేతనే వెతికించండి.

దావీదు పాపాన్ని దాచకండి. ఇంకొకరి భార్యను తీసుకుని, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో చంపించాడని చెబితే చిన్నవారికి చాలు. ఆ వెంటనే, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడని ప్రవక్త నాతాను దావీదుకు చెప్పిన కథ. “ఆ మనుష్యుడవు నీవే” అన్నచోట కాసేపు ఆగండి. అంతటి రాజు ముఖం మీద ఆ మాట అన్న ప్రవక్త ప్రాణాలతో బయటికి వచ్చాడు, రాజు తప్పు ఒప్పుకున్నాడు. నాబోతు ద్రాక్షతోట కథ కాస్త పెద్దవారికి.

యోవాషు 7 ఏళ్లకు, యోషీయా 8 ఏళ్లకు రాజులయ్యారంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఆ ఉత్సాహం ఉండగానే యోషీయా పెద్దయ్యాక దొరికిన ధర్మశాస్త్ర గ్రంథం సంగతి చెప్పేయండి.

ప్రతి పాఠం చివరా యేసును అతికించడం నాకు నచ్చదు. క్రీస్తుకు పూర్వం 586లో యెరూషలేము కూలేదాకా కథ నడవనివ్వండి. అప్పుడు, మరి చివరిదాకా నిలిచే మంచి రాజు రాలేదా అన్న ప్రశ్న పిల్లల నోటినుంచే వస్తుంది. జెకర్యా 9లో గాడిదనెక్కి వచ్చే రాజునూ, మార్కు 10లో పరిచారం చేయించుకోవడానికి కాక పరిచారం చేయడానికి వచ్చానన్న ప్రభువునూ తెరవవలసింది అప్పుడే.

చంద్రగిరి కోటకు తీసుకువెళ్లే ఉద్దేశం ఉంటే ముందు మీటరుకు వెయ్యేళ్ల లెక్కన 3 మీటర్ల తాడు పట్టించండి, లేకపోతే కాలాలన్నీ కలిసిపోతాయి. ఈ చివర దావీదు, మీటరు దగ్గర క్రీస్తు, 2.6 మీటర్ల దగ్గర చంద్రగిరిలో కొలువుతీరిన విజయనగర రాజు వేంకటపతి రాయలు, ఆ చివర మనం. అక్కడ రాజమహలు చూస్తూ, మన రాజులు మంచివారు, ఇతరుల రాజులు చెడ్డవారు అనే మాట పుట్టనివ్వకండి. భార్య యెజెబెలు నాబోతును చంపిస్తే అతని తోట లాక్కున్న అహాబు కూర్చున్నది ఇస్రాయేలు సింహాసనం మీదే. వేంకటపతి రాయలేమో తన కొలువుకు వచ్చిన జెసూట్ అనే కాథలిక్ సంఘపు పాదిరీలను ఆదరించాడు.