కుందేలు పిల్లను పెరట్లోకి మార్చే ముందు

కార్తీకం వచ్చింది, వానలు తగ్గాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంట్లో పెరిగిన కుందేలు పిల్లను బయట గూట్లో పెట్టడానికి ఇదే అనువైన కాలం.

• కోళ్లకు కట్టే సన్న వల వద్దు. వీధికుక్క పళ్లతో చింపేస్తుంది. అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ (తీగలు అతికించిన గట్టి ఇనుప వల) వేయించండి. పెద్ద కన్నాలుంటే పాములు, ఎలుకలు దూరతాయి. ముంగిస నేల తవ్వి మరీ వస్తుంది, కాబట్టి గూడు రెండు మూడడుగుల ఎత్తులో ఉంటే నయం. తలుపుకు గట్టి గడియ పెట్టండి. కుక్క లోపలికి రాకపోయినా, చుట్టూ మొరుగుతుంటే ఆ భయానికే కుందేలు చచ్చిపోవచ్చు.

• మూడు నెలలు నిండనివ్వండి. అంతకన్నా చిన్నది రాత్రి చలికి ఆగలేదు.

• అడుగున అంతా ఇనుప వలే అయితే పాదాలు పుండ్లు పడతాయి. సగం మేర చెక్క వేసి, పైన పొడి వరిగడ్డి పరవండి. కోతల రోజులే కదా, గడ్డికి కరువు లేదు. తడిస్తే మాత్రం వెంటనే మార్చాలి.

• పచ్చగడ్డి మొదట గుప్పెడే. ఒక్కసారిగా పెడితే విరేచనాలు పట్టుకుంటాయి. మందు కొట్టిన చేను గట్టు గడ్డి అసలు వద్దు. గన్నేరు విషం, గూటికి దూరంగా ఉంచండి.

• గూడు ఇద్దరు మోయగలిగేలా ఉండాలి. తుఫాను భయం ఇంకా పోలేదు. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరులోనే.

• బయటే ఉంచాలా వద్దా అని ఫిబ్రవరి చివర మళ్లీ ఆలోచించండి. కుందేలుకు చెమట పట్టదు, 30 డిగ్రీలు దాటితే ప్రమాదమే.