మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ పదేపదే క్రాష్ అవుతుంటే ఏం చేయాలి?

పాట మధ్యలో సాఫ్ట్‌వేర్ మూసుకుపోయిందని ఎవరితోనైనా చెప్పండి. వెంటనే వచ్చే సలహా ఒకటే: తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యి. దాంతో కుదరకపోతే విండోస్ ఫార్మాట్ కొట్టమంటారు. దయచేసి రెండూ చేయకండి. బతుకమ్మ పాట రేపు విడుదల చేయాల్సిన కుర్రాళ్లు ఈ సలహా విని రాత్రంతా ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చోవడం, తెల్లారేసరికి అదే చోట మళ్లీ క్రాష్ అవడం చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ బాధేసింది, ఎందుకంటే అసలు కారణం దొరకడానికి ఒక సాయంత్రం చాలు.

మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఎందుకు బాగుపడదో ముందు చెప్తాను. క్యూబేస్, ఎఫ్‌ఎల్ స్టూడియో, ఏబుల్‌టన్ లైవ్, ఏదైనా సరే, అది ఒంటరిగా నడవదు. 1996లో క్యూబేస్ కంపెనీ స్టైన్‌బర్గ్ వీఎస్‌టీ పద్ధతిని తెచ్చాక ఎవరైనా ప్లగిన్ (మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ లోపల తెరుచుకునే చిన్న అదనపు ప్రోగ్రామ్) రాయొచ్చు, దాన్ని వీఎస్‌టీకి వీలిచ్చే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరవొచ్చు. ఈ వెసులుబాటుతోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది. మామూలుగా ప్లగిన్ ప్రధాన సాఫ్ట్‌వేర్ ప్రాసెస్ లోపలే, దాని మెమరీలోనే నడుస్తుంది. ఎక్కడో ఒక ఉచిత రివర్బ్ (శబ్దానికి ప్రతిధ్వని చేర్చే ప్లగిన్) తనది కాని మెమరీని ముట్టుకుంటే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం సాఫ్ట్‌వేర్‌నే ఆపేస్తుంది. నింద సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది. మీరు సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేసినా ప్లగిన్ల ఫోల్డర్ అలాగే ఉంటుంది, పాత సెట్టింగులు చాలావరకు అలాగే ఉంటాయి, ప్రాజెక్ట్ ఫైల్ ఎలాగూ అదే. ఇక మారిందేముంది?

ముందు ఇవి చేసేయండి

ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్, ఒక నోట్‌బుక్, ఒక పెన్ను చాలు. ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తం, ఆడియో ఫైళ్లతో సహా, డ్రైవ్‌లోకి కాపీ చేయండి. పరీక్షల కోసం కంప్యూటర్‌లోనే ఇంకో కాపీ తీసి, దానికి వేరే పేరు పెట్టండి. అసలు ప్రాజెక్ట్‌ను ఇక ముట్టుకోవద్దు.

ఆగిపోతున్నది ఏదో గమనించండి. సాఫ్ట్‌వేర్ ఒక్కటే మూసుకుపోతే ఈ వ్యాసం మీకోసమే. కంప్యూటర్ మొత్తం రీస్టార్ట్ అవుతుంటే, నీలం స్క్రీన్ వస్తుంటే అది వేరే సమస్య: ర్యామ్, పవర్ సప్లై, వేడి, లేదా ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) డ్రైవర్. కరెంటు ఎక్కువ తక్కువలు అవుతున్న ఇంట్లో యూపీఎస్ లేకుండా రికార్డింగ్ పెట్టుకోకూడదు. శబ్దం చిటపటలాడుతోంది గానీ సాఫ్ట్‌వేర్ మూసుకుపోవడం లేదంటే అది క్రాష్ కాదు, బఫర్ (ప్రాసెసర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దపు ముక్క) చాలక వచ్చే ఇబ్బంది.

బఫర్ విషయంలో నాది ఒకటే లెక్క. పాడేటప్పుడు 128 శాంపిళ్లు, మిక్స్ చేసేటప్పుడు 1024. శాంపిల్ రేటు సెకనుకు 48,000 ఉంటే 128 అంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు, 1024 అంటే 21 పైచిలుకు. మిక్సింగ్‌లో ఆ ఆలస్యం ఎవరికీ అడ్డు రాదు, ప్రాసెసర్‌కు మాత్రం ఊపిరి ఆడుతుంది. ఇంటర్‌ఫేస్ ఉన్నవాళ్లు దాని కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవరే (విండోస్‌లో శబ్దం ఆలస్యం కాకుండా చూసే డ్రైవర్) వాడాలి. ఏసియో ఫర్ ఆల్ అనేది విండోస్ డ్రైవర్ మీద వేసిన తొడుగు మాత్రమే, విడిగా ఇంటర్‌ఫేస్ లేనివాళ్లకు పనికొస్తుంది. రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉంచుకుని అటూ ఇటూ మార్చడం మానుకోండి.

తర్వాత ప్లగిన్ ఒక్కటి కూడా లేకుండా కొత్త ఖాళీ ప్రాజెక్ట్ తెరిచి, రెండు ఆడియో ఫైళ్లు వేసి కాసేపు ప్లే చేయండి. అందులోనూ క్రాష్ అయితే సెట్టింగుల ఫైళ్లు పాడైనట్టు, లేదా డ్రైవర్ తేడా చేసినట్టు. సెట్టింగుల ఫోల్డర్ పేరు మార్చి సాఫ్ట్‌వేర్ తెరిస్తే అది కొత్తగా రాసుకుంటుంది. క్యూబేస్‌లో అయితే తెరుచుకునే సమయంలో కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ మూడూ కలిపి నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ వస్తుంది. ఖాళీ ప్రాజెక్ట్ సాఫీగా నడిస్తే దోషి మీ పాత ప్రాజెక్ట్‌లోనో, ప్లగిన్లలోనో ఉంది.

కంప్యూటర్ రాసిపెట్టిన చీటీ చదవండి

దీన్ని దాదాపు ఎవరూ చూడరు. చాలా క్రాష్‌లకు కంప్యూటర్ ఒక నమోదు రాసి పెడుతుంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ అనే విభాగంలోకి వెళ్లండి. క్రాష్ అయిన సమయానికి ఎర్ర గుర్తుతో ఎర్రర్ కనిపిస్తుంది. అందులో ఫాల్టింగ్ అప్లికేషన్ అని ఒక పేరు, ఫాల్టింగ్ మాడ్యూల్ అని ఇంకో పేరు ఉంటాయి. మొదటిది మీ సాఫ్ట్‌వేరే. రెండోది చూడాలి. అక్కడ ప్లగిన్ పేరు కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. ఎన్‌టీడీఎల్‌ఎల్ లాంటి విండోస్ ఫైల్ పేరు కనిపిస్తే మాత్రం విండోస్ పాడైందని అనుకోకండి. చాలాసార్లు ఎవరో చేసిన తప్పు అక్కడికి వచ్చి బయటపడుతుంది, అంతే. మ్యాక్‌లో కన్సోల్ యాప్‌లో క్రాష్ రిపోర్ట్స్ ఉంటాయి. ఏ థ్రెడ్ పక్కన క్రాష్డ్ అని ఉందో దాని కింది వరుసల్లో పేర్లు చదవండి.

ఒక్క క్రాష్ నమోదు చూసి నిర్ణయానికి రాకండి. మూడు, నాలుగు క్రాష్‌లలో అదే పేరు వస్తేనే నమ్మండి. వేర్వేరు పేర్లు వస్తున్నా, ఏ పేరూ రాకపోయినా తర్వాతి పని తప్పదు.

అసలు కష్టమైన పని: సగం సగం చేసి వెతకడం

ఇంట్లో ఎంసీబీ పడిపోతుంటే ఎలక్ట్రీషియన్ అన్ని స్విచ్‌లూ ఆపేసి కొన్ని కొన్నిగా వేసుకుంటూ వస్తాడు కదా, ఇదీ అలాంటిదే. ప్లగిన్లలో సగం తీసేసి పరీక్షిస్తారు. క్రాష్ ఆగితే దోషి తీసేసిన సగంలో ఉంది. ఆగకపోతే మిగిలిన సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తారు. 60 ప్లగిన్లు ఉన్నా ఆరు విడతల్లో ఒక్కటి మిగులుతుంది. ఒక్కొక్కటే తీసి చూస్తే అరవై సార్లు చూడాల్సి రావచ్చు. వినడానికి తేలికే. కానీ నేను చూసినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తప్పు చేసి, తప్పు ప్లగిన్‌ను నిందించి, డబ్బు పెట్టి ఇంకోటి కొని, మళ్లీ మొదటికి వచ్చారు. అందుకే ఈ భాగాన్ని నిదానంగా చదవండి.

మొదలుపెట్టే ముందు పరీక్ష ఏమిటో ఖాయం చేసుకుని నోట్‌బుక్‌లో రాయండి. "రెండో చరణం నుంచి చివరిదాకా లూప్‌లో ప్లే, ఈలోగా కోరస్ ట్రాక్ మీద ఈక్యూ తెరిచి మూయడం" అన్నట్టు ఉండాలి. ప్రతి విడతలోనూ అదే చేయాలి. ఒకసారి ప్లే చేసి, ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేసి ఫలితాలు పోల్చితే అవి దేనికీ పనికిరావు. పరీక్ష ఎంతసేపు అన్నది ఇంకా ముఖ్యం. మామూలుగా పది నిమిషాల్లో క్రాష్ అవుతుంటే, క్రాష్ కాలేదని తేల్చడానికి కనీసం అరగంట నడపండి. క్రాష్ అయితే అప్పుడే తెలిసిపోతుంది, కాలేదని తేలడానికే ఓపిక కావాలి. పన్నెండు నిమిషాలు నడవగానే "హమ్మయ్య" అనుకుని ఆపేసేవాళ్లే దారి తప్పుతారు.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద జాగ్రత్త. ప్లగిన్లు కనబడకుండా పోయిన స్థితిలో తెరిచిన ప్రాజెక్ట్‌ను సేవ్ చేయవద్దు. ఆ ప్లగిన్‌లో మీరు పెట్టుకున్న సెట్టింగులను కొన్ని సాఫ్ట్‌వేర్లు జాగ్రత్తగా దాచిపెడతాయి, అన్నీ దాచిపెడతాయన్న భరోసా లేదు. గాయని గొంతుకు గంటల తరబడి కుదిర్చిన కంప్రెసర్ సెట్టింగు ఒక్క కంట్రోల్ ఎస్‌తో పోతుంది. పరీక్ష కాపీలోనే చేయండి, మూసేటప్పుడు సేవ్ చేయాలా అని అడిగితే వద్దని చెప్పండి. ఆటోసేవ్ కూడా ఆపి ఉంచండి. పని పూర్తయ్యాక మళ్లీ వేయడం మర్చిపోకండి, కావాలంటే స్క్రీన్‌కు చీటీ అంటించుకోండి.

రెండో జాగ్రత్త: బైపాస్ నొక్కితే సరిపోదు. బైపాస్ చేసిన ప్లగిన్ శబ్దాన్ని మార్చదు, అంతే. మెమరీలో మాత్రం అలాగే ఉంటుంది, క్రాష్ కూడా చేయించగలదు. రీపర్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్‌లైన్ అనే ఆప్షన్ విడిగా ఉంది, అది ప్లగిన్‌ను నిజంగా మెమరీలోంచి దించేస్తుంది, సెట్టింగులు పోనివ్వదు. ఇలాంటి ఆప్షన్ లేనివాటిలో కాపీ ప్రాజెక్ట్ నుంచి ప్లగిన్‌ను తీసేయడమే మార్గం.

ప్రాజెక్ట్ అసలు తెరుచుకోవడమే లేదా? రీపర్‌లో ఓపెన్ చేసే కిటికీలోనే ప్లగిన్లన్నీ ఆఫ్‌లైన్‌లో తెరిచే టిక్ ఉంది. లాజిక్ ప్రోలో ప్రాజెక్ట్ మీద డబుల్ క్లిక్ చేసి వెంటనే కంట్రోల్ నొక్కి పట్టుకుంటే కోర్ ఆడియో (మ్యాక్‌లో శబ్దాన్ని నడిపే వ్యవస్థ) లేకుండా తెరవొచ్చు. ఇలాంటి దారి లేని సాఫ్ట్‌వేర్ అయితే ప్లగిన్ల ఫోల్డర్‌లోనే సగం చేయాలి. విండోస్‌లో వీఎస్‌టీ3 ప్లగిన్లు సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్, దాని లోపల కామన్ ఫైల్స్, దాని లోపల వీఎస్‌టీ3 అనే ఫోల్డర్‌లో ఉంటాయి. డెస్క్‌టాప్ మీద ఖాళీ ఫోల్డర్ పెట్టి సగం ప్లగిన్లను అందులోకి జరపండి. డిలీట్ చేయొద్దు, అన్‌ఇన్‌స్టాల్ చేయొద్దు. జరిపిన పేర్లన్నీ రాసుకోండి.

ఇక్కడ మూడు చోట్ల పొరబాటు జరుగుతుంది. కొన్ని వీఎస్‌టీ3 ప్లగిన్లు ఫైల్‌లా కాక ఫోల్డర్‌లా ఉంటాయి, వాటిని మొత్తంగా జరపాలి, లోపలి ఫైల్ ఒక్కటే లాగకూడదు. వేవ్స్ లాంటి కంపెనీల ప్లగిన్లన్నీ ఒకే షెల్ ఫైల్ ద్వారా తెరుచుకుంటాయి, కాబట్టి ఆ ఫైల్ తీస్తే డజన్లకొద్దీ ప్లగిన్లు ఒకేసారి పోతాయి. దాన్ని ఒక గుంపుగా లెక్కపెట్టుకోండి. ఇక ఒకే ప్లగిన్ పాత వీఎస్‌టీ2 రూపంలో వేరే ఫోల్డర్‌లో కూడా ఉండొచ్చు. మీరు ఒకదాన్ని తీశాననుకుంటారు, ప్రాజెక్ట్ వాడుతున్నది మాత్రం రెండోది. పరీక్షకు ముందు రెండు చోట్లా చూడండి.

ప్రతి విడతకూ ఒక్క మార్పే. మధ్యలో విండోస్ అప్‌డేట్ వేయకండి, డ్రైవర్ మార్చకండి, బఫర్ కదపకండి. "ఎలాగూ కూర్చున్నాం కదా, ఇది కూడా చేసేద్దాం" అనిపించినప్పుడు చేతులు కట్టుకోండి. క్రాష్ ఆగితే ఏ మార్పు వల్ల ఆగిందో తెలియాలి. తెలియకపోతే అది నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. ఫలానా ప్లగిన్ మీద నాకు ముందునుంచీ అనుమానం అని దాంతో మొదలుపెట్టడం కూడా వద్దు, అనుమానం ఉన్నచోట అరగంట పరీక్ష ఎవరూ పూర్తిగా చేయరు.

చివరికి ఒక్క ప్లగిన్ మిగిలిందనుకోండి. ఇంకా అయిపోలేదు. మిగతా అన్నిటినీ వెనక్కి పెట్టి, దాన్ని మాత్రమే బయట ఉంచి పరీక్షించండి. క్రాష్ రాకూడదు. తర్వాత దాన్ని తిరిగి పెట్టండి. క్రాష్ రావాలి. ఈ రెండూ జరిగితేనే దోషి దొరికినట్టు. ఏ సగం తీసినా క్రాష్ అవుతూనే ఉంటే దోషులు ఇద్దరై ఉండాలి, లేదా ప్లగిన్లతో సంబంధమే లేకపోవచ్చు. అన్ని ప్లగిన్లూ తీసేసి ఒకసారి నడిపితే అది తేలిపోతుంది.

అన్నీ తీసినా క్రాష్ అయితే ప్రాజెక్ట్ ఫైలే చెడినట్టు. కొత్త ప్రాజెక్ట్ తెరిచి ట్రాకులను అందులోకి ఇంపోర్ట్ చేయండి. ఒక్క ట్రాక్ తెచ్చినప్పుడే క్రాష్ అవుతుంటే దాన్ని వదిలేసి, దాని ఆడియోను ఫోల్డర్‌లోంచి నేరుగా తెచ్చుకోండి. పాట పొడవు పెరిగేకొద్దీ, వీణ, నాదస్వరం, మృదంగం లాంటి వాయిద్యాల శబ్దాలు రికార్డు చేసి ఉన్న శాంపిల్ లైబ్రరీలు చేర్చేకొద్దీ క్రాష్ ఎక్కువవుతుంటే మెమరీ చూడండి. 8 జీబీ ర్యామ్‌తో పెద్ద లైబ్రరీలు మోయించడం అన్యాయం. 16 పెట్టించండి, అప్పటిదాకా పూర్తయిన వాయిద్యాలను ఆడియోగా మార్చేయండి.

దొరికాక

దొంగ కాపీ ప్లగిన్ అయితే మాట్లాడుకోవాల్సిందేమీ లేదు, తీసేయండి. లైసెన్స్ తనిఖీని తప్పించడానికి దాని కోడ్‌ను ఎవరో కోసి అతికించారు. అది ఎప్పుడు ఎక్కడ పడిపోతుందో చెప్పేవాళ్లు లేరు, అడగడానికి కంపెనీ కూడా లేదు. డబ్బు సమస్యని నాకు తెలుసు. మీ సాఫ్ట్‌వేర్‌తోపాటు వచ్చిన ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్‌లతో మంచి పాట చేయొచ్చు. రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, చిన్న స్టూడియోలకు లైసెన్స్ ధర 60 డాలర్లు. క్రాష్‌లతో విసిగిపోయిన ప్రతి ఒక్కరికీ నేను దాన్నే చెప్తాను, ఎందుకంటే అందులో ఏ ప్లగిన్‌నైనా వేరే ప్రాసెస్‌లో నడపొచ్చు. ప్లగిన్ పడిపోయినా పాట పడిపోదు. ఎఫ్‌ఎల్ స్టూడియోలో ప్లగిన్ సెట్టింగుల్లో మేక్ బ్రిడ్జ్‌డ్ అనే ఆప్షన్ ఇదే పని చేస్తుంది. బిట్‌విగ్ స్టూడియోలోనూ ఈ ఏర్పాటు ఉంది.

పాత ఉచిత వీఎస్‌టీ2 ప్లగిన్ అయితే కొత్త వెర్షన్ వస్తుందని ఎదురుచూడకండి. వాటిలో చాలావాటిని రాసినవాళ్లే వదిలేశారు, పైగా 2018లో స్టైన్‌బర్గ్ వీఎస్‌టీ2 డెవలప్‌మెంట్ కిట్‌ను కొత్తవాళ్లకు ఇవ్వడం ఆపేసింది. ఆ శబ్దం ఈ పాటకు తప్పనిసరైతే ఆ ఒక్క ట్రాక్‌ను ఆడియోగా రెండర్ చేసుకుని ప్లగిన్‌ను తీసేయండి.

కొనుక్కున్న ప్లగిన్ అయితే కొత్త వెర్షన్ వేయండి, అది కూడా చేతిలో ఉన్న పాట ఇచ్చేశాకే. అయినా తీరకపోతే కంపెనీకి రాయండి. "మీ ప్లగిన్ పనిచేయట్లేదు" అని రాస్తే జవాబుగా మళ్లీ ఇన్‌స్టాల్ చేయమనే వస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్, సాఫ్ట్‌వేర్, ప్లగిన్ మూడింటి వెర్షన్ నంబర్లు, క్రాష్ రిపోర్ట్, నోట్‌బుక్‌లో రాసుకున్న పరీక్ష పంపండి. వాటితోపాటు ఒక చిన్న ప్రాజెక్ట్ కూడా జత చేయండి. అందులో మీ పాట అక్కర్లేదు, ఒక ట్రాక్, దాని మీద ఆ ప్లగిన్ ఉంటే చాలు.