మంచి కాపరి – 3వ పాఠం: ఇల్లు దర్శించడం

పోయిన పాఠంలో మొదటి తిమోతి 3వ అధ్యాయం ముందు పెట్టుకుని మనల్ని మనం పరీక్షించుకున్నాం. అధ్యక్షుడికి, అంటే సంఘ కాపరికి, ఉండాలని పౌలు చెప్పిన గుణాల్లో ప్రసంగానికి పనికొచ్చేది ఒక్కటే, ‘బోధింపతగినవాడు’. మిగతావన్నీ ఇంట్లో, వీధిలో, డబ్బు దగ్గర, కోపం దగ్గర బయటపడేవి. అందుకే ఈ వారం మైకు పక్కన పెట్టి వీధిలోకి వెళ్దాం.

కాపరి తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని యోహాను 10లో ఉంది. ఆదివారం వెనక గోడకు ఆనుకుని కూర్చునే ముసలమ్మ పేరు మీకు తెలుసా? ‘ఫలానా వాళ్ల అమ్మ’ అని కాదు, ఆమె సొంత పేరు. తెలియకపోతే మీ మొదటి దర్శనం ఆ ఇంటికే.

మన నేల మీదే దీనికి గొప్ప మాదిరి ఉంది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు మిషనరీగా వచ్చేనాటికి ఆయనకు 35 ఏళ్లు. ఆ వయసులో కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడు స్కాట్లాండ్‌లోని ఎడింబరోలో జరిగిన మిషనరీ మహాసభలో, విదేశీ మిషనరీలు చేసిన త్యాగాలన్నీ ఒప్పుకుంటూనే, మాకు ప్రేమ కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. మేలు చేసి దూరంగా నిలబడేవాడు స్నేహితుడు కాడన్నది ఆయన బాధ. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ సంఘపు శాఖలో, ఆ స్థానానికి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే. అయినా పల్లెలు తిరగడం మానలేదు. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగూ పల్లెను పీడించే దయ్యాలని బోధించేవారు. ఇళ్లలోకి వెళ్లి చూసినవాడి నోటనే అలాంటి మాట వస్తుంది.

ఇక పద్ధతి. ఒంటరిగా వెళ్లవద్దు. యేసు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు. ఆడవాళ్లు మాత్రమే ఉండే ఇంటికైతే మీ భార్యనో, సంఘంలో పెద్దావిడనో తప్పక వెంట తీసుకెళ్లండి. ముందుగా కబురు పెట్టండి. వంట వేళకు, కూలి నుంచి వచ్చి కాళ్లు కడుక్కునే వేళకు వెళ్లకండి.

లోపలికి వెళ్లాక చేయాల్సిన పని వినడం. అన్నిటికన్నా కష్టమైంది ఇదే. సేవలో కొత్తగా ఉన్నప్పుడు ఒక సాయంత్రం ఒక ఇంటికి వెళ్లాను. ఆ తల్లి కుర్చీ వేసి, స్టీలు గ్లాసుతో నీళ్లిచ్చింది. రెండు నిమిషాల్లో బైబిలు తెరిచి 23వ కీర్తన చదివాను, కొడుకు ఉద్యోగం కోసం ప్రార్థన చేశాను, లేచాను. గుమ్మం దగ్గర ఆమె, “అయ్యగారూ, ఒక్క మాట...” అని ఆగి, “ఏం లేదులెండి, మీకు ఆలస్యమవుతుంది” అంది. నా చెప్పుల పక్కన ఆడపిల్ల చెప్పులు కొత్తవి ఉన్నాయి. చూశాను గానీ అడగలేదు. కూతురు అత్తారింట్లో దెబ్బలు తిని వచ్చి ఆ పూట లోపలి గదిలోనే ఉందని మూడు వారాల తర్వాత తెలిసింది. ఆ గుమ్మం నాకింకా కళ్లముందే ఉంది.

యోబు పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్నప్పుడు అతని స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు నోరు మెదపకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. అంతవరకు వాళ్లు మంచి కాపరులే. మాట్లాడడం మొదలుపెట్టాకే గాయం చేశారు. గుడ్డి బర్తిమయికి ఏం కావాలో అందరికీ కనిపిస్తూనే ఉంది, అయినా యేసు, నీకేం చేయమంటావని అడిగాడు. మీరూ అడగండి: “దేని గురించి ప్రార్థన చేయమంటారు?” అడిగి ఆగండి. వాళ్లు తడుముకుంటారు, కొంగుతో కళ్లు తుడుచుకుంటారు. ఆ ఖాళీని వాక్యంతో నింపేయకండి. వాళ్లు చెప్పిన మాటలనే ప్రార్థనలో దేవునికి చెప్పండి. నా మాట విన్నారన్న సంగతి వాళ్లకు అక్కడే తెలుస్తుంది.

మూడు హద్దులు మాత్రం దాటకూడదు. విశ్వాసం పేరుతో ఎవరి మాత్రలూ మాన్పించవద్దు. దెబ్బలు తింటున్న స్త్రీకి ‘సర్దుకుపో’ అని చెప్పి వెనక్కి పంపవద్దు. ముందు ఆమెకు రక్షణ చూడండి, మహిళల సహాయానికి 181 ఉంది, ప్రాణాపాయమైతే 112కు ఫోన్ చేయించండి. ఇక మూడోది మన సంఘాల్లో చాలా మామూలైపోయింది, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో విన్నది పుల్పిట్ మీద ప్రార్థన మనవిగా చదవడం. ‘పై వీధి సహోదరి భర్త తాగుడు మానేలా ప్రార్థిద్దాం’ అంటే పేరు చెప్పకపోయినా ఊరంతటికీ చెప్పినట్టే. ఆ సహోదరి మళ్లీ నోరు విప్పదు.

తిరిగొచ్చాక చిన్న నోటుపుస్తకంలో తేదీ, ఇంట్లోవాళ్ల పేర్లు, మళ్లీ ఎప్పుడు వెళ్లాలో రాసుకోండి. రహస్యాలు రాయకండి, పుస్తకాలు పోతుంటాయి. వారానికి రెండిళ్లు చొప్పున వెళ్లినా 40 ఇళ్ల సంఘం 20 వారాల్లో పూర్తవుతుంది. భోజనం పెట్టే ఇళ్లకే నాలుగుసార్లు వెళ్లి, కిందకి వంగి దూరాల్సిన ఇళ్లను వదిలేస్తే ఆ లెక్క కుదరదు. ధనవంతుడికీ పేదవాడికీ తేడా చూపవద్దని చెప్పే యాకోబు పత్రిక 2వ అధ్యాయం ఈ వారం రెండుసార్లు చదవండి.

ఈ వారం అభ్యాసం: రెండిళ్లు. ఒక్కో ఇంట్లో మొదటి పదిహేను నిమిషాలు బైబిలు తెరవకండి, సలహా ఇవ్వకండి, అడిగి వినండి. ‘ఏం లేదులెండి’ అని మీతో ఈ మధ్య ఎవరైనా అని ఉంటే, ఆ ఇంటికి ముందు వెళ్లండి.

వచ్చే పాఠం కానుకల లెక్క గురించి. సంఘం జమాఖర్చుల పుస్తకం దగ్గర పెట్టుకోండి.