తలకోన మడుగులో దిగే ముందు జాగ్రత్తలు

తిరుపతి నుంచి ఆదివారం తలకోనకు బయలుదేరుతున్నారా? సంచి సర్దేటప్పుడే ఇవి చూసుకోండి.

– కొండపైన వాన పడిందేమో ముందుగా కనుక్కోండి. జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు. కింద ఎండ కాస్తున్నా పైన కురిసిన నీరు దూసుకొస్తుంది. తేటగా ఉన్న మడుగు ఉన్నట్టుండి ఎర్రబడితే ఫొటోల సంగతి తర్వాత, ముందు గట్టెక్కండి.

– అటవీ సిబ్బంది దిగవద్దన్న చోట దిగవద్దు. బేరాలు అసలే వద్దు.

– నీట మునిగిన గుహల్లో ఈదే డైవర్లు సిలిండర్‌లోని గాలిలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు తిరిగి రావడానికి వాడి, మిగిలినది ఆపదకు అట్టేపెడతారు. మనకు సిలిండర్ లేకపోయినా ఈ లెక్క పనికొస్తుంది: ఓపిక మూడో వంతు కరగగానే వెనుదిరగండి. బండల కింది సొరంగాల్లోకి మాత్రం దూరవద్దు. దారి చూపే తాడు లేకుండా ఆ శిక్షణ పొందినవారే వెళ్లరు.

– తడి బండల చీలికల్లో బంగారు బల్లి ఉంటుంది. తలకోన ఉన్న శేషాచలం కొండల ప్రాంతం 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ (జీవావరణ రక్షిత ప్రాంతం) అయింది. ఇలాంటి జీవులకు అది ఇల్లు. టార్చి వేసి, కర్రతో పొడిచి దాన్ని బయటికి రప్పించవద్దు.

– సబ్బు, షాంపూ ఇంట్లోనే ఉంచండి. జలపాతం కింద తలంటుకోవాలన్న సరదా నాకూ ఉండేది. దిగువన ఆ నీటినే జింకలు తాగుతాయని గుర్తొచ్చాక మానేశాను.

– పులిహోర స్టీలు డబ్బాలో తీసుకెళ్లండి. కోతులకు పెట్టకండి, అవి అడిగినా సరే.