చేతిలోని బైబిలు ఏ సంప్రదాయానిదో గుర్తించడం ఎలా?

ముందుగా విషయసూచిక తెరిచి పాత నిబంధన గ్రంథాలను లెక్కించండి: 39 ఉంటే అది ప్రొటెస్టంట్ల బైబిలు, తోబీతు, యూదితు, మక్కబీయులు వంటివి కలిసి 46 ఉంటే కతోలికులది. అయితే 1534 నాటి లూథర్ బైబిలులో (ప్రొటెస్టంటు సంస్కర్త మార్టిన్ లూథర్ జర్మన్ అనువాదంలో) లాగా ఈ అదనపు గ్రంథాలను రెండు నిబంధనల నడుమ విడిగా ఉంచిన ప్రొటెస్టంటు ముద్రణలూ ఉన్నాయి కనుక, దానియేలు గ్రంథాన్ని తిప్పి చూడడమే నా దృష్టిలో మేలైన పరీక్ష. అది 12వ అధ్యాయంతో ఆగక, సూసన్న కథతో 13వది, బేలు కథతో 14వది కూడా ఉంటే ఆ ప్రతి సాధారణంగా కతోలికులది, కొన్నిసార్లు ఆర్థడాక్సు (తూర్పు క్రైస్తవ) సంఘాలది. 151వ కీర్తన సాధారణంగా ఆర్థడాక్సు గుర్తు. ఇథియోపియా ఆర్థడాక్సు సంఘమైతే రెండు నిబంధనలూ కలిపి మొత్తం 81 గ్రంథాలను లెక్కిస్తుంది.

ప్రొటెస్టంట్లకు లేఖనమే తుది ప్రమాణం. 1546లో ట్రెంట్ మహాసభలో గ్రంథాల పట్టికను ఖరారు చేసిన కతోలిక సంఘం, అపొస్తలుల నుండి వచ్చిన సంప్రదాయాన్నీ లేఖనంతో సమానంగా గౌరవిస్తుంది.