కాలేజీలో చేరే ముందటి వేసవిలో ప్రేమలో పడితే

బడి చదువు ముగిసిన రోజుకూ కాలేజీలో మొదటి తరగతికీ మధ్య దొరికే రెండు మూడు నెలల కాలం జీవితంలో మళ్ళీ అదే రూపంలో రాదు. అప్పటివరకు మిమ్మల్ని గుర్తించడానికి వాడిన బడి పేరు, తరగతి, ర్యాంకు అన్నీ పాతబడిపోతాయి, కొత్తవి ఇంకా చేతికి రావు. పొద్దున లేవగానే ఎక్కడికి వెళ్ళాలో చెప్పే టైంటేబుల్ ఉండదు. అలాంటి ఖాళీలో ఒక మనిషి మీద ఇష్టం పుడితే, అది ఖాళీ మొత్తాన్నీ ఆక్రమించుకుంటుంది. ఇష్టపడటానికి ఎవరి సలహా అక్కర్లేదు. సలహా కావలసింది ఆ ఇష్టంతో పాటు సాగవలసిన రెండో పనికి, అంటే కాలేజీలో అడుగుపెట్టబోయే మీరు ఎలాంటి మనిషో తెలుసుకునే పనికి. ఈ రెండూ కలిసి సాగగలవనే నా నమ్మకం, అయితే రెండోదాన్ని మొదటిదాని చేతుల్లో పెట్టి ఊరుకుంటే మాత్రం రెండూ చెడతాయి.

మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లో వెలువడిన తన పుస్తకంలో కౌమార ప్రేమ గురించి ఒక మంచి పరిశీలన చేశాడు. తాను ఎవరో ఇంకా స్పష్టంగా తెలియని వయసులో, ఆ అస్పష్టమైన రూపాన్ని మరొకరి మీద ప్రసరింపజేసి, అక్కడ ప్రతిఫలించిన దాన్ని చూసి తనను తాను కొద్దికొద్దిగా తెలుసుకునే ప్రయత్నం ఆ ప్రేమలో చాలావరకు ఉంటుందని, అందుకే ఆ వయసు ప్రేమల్లో ఎక్కువ భాగం మాటల్లోనే గడుస్తుందని ఆయన అన్నాడు. అర్ధరాత్రి దాకా తెగని కబుర్లు పెద్దలకు కాలహరణంగా కనిపించవచ్చు గానీ, అందులో జరుగుతున్న పని చిన్నది కాదు. ఎవరితోనూ అనని మాట ఒకరితో అన్నప్పుడు, అది మీ అభిప్రాయమని మీకూ అప్పుడే తెలుస్తుంది.

ముందు, ఆ ఇష్టం ఎక్కడిదో చూసుకోండి

వేసవిలో పుట్టే ఇష్టాలకు కొన్ని మామూలు కారణాలు ఉంటాయి. రోజూ ఒకే చోట ఎదురుపడటం వాటిలో ఒకటి. పదేపదే కంటపడే వాటి మీద, ఇతర కారణమేదీ లేకపోయినా, మనకు మొగ్గు పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జయాన్స్ 1968లో ప్రయోగాలతో చూపించాడు. రెండో కారణం అనిశ్చితి. అవతలివారికి మన మీద ఇష్టం ఉందో లేదో తెలియని స్థితిలో ఆలోచనలు వారి చుట్టూనే గిరగిర తిరగడాన్ని మనస్తత్వవేత్త డొరతీ టెనోవ్ 1979లో వివరంగా వర్ణించింది. ఆశ పూర్తిగా తీరినా, పూర్తిగా తెగినా ఆ తిరుగుడు నెమ్మదిస్తుందనీ, రెంటికీ మధ్య వేలాడుతున్నంత కాలం మంట రాజుకుంటూనే ఉంటుందనీ ఆమె గమనించింది.

మూడో కారణం గడువు. ముందున్న కాలం కొద్దిదే అని తోచినప్పుడు మనుషులు కొత్త పరిచయాల కంటే మనసుకు దగ్గరైన వారి వైపే మొగ్గుతారని మనస్తత్వవేత్త లారా కార్‌స్టెన్సన్ పరిశోధనలు చెబుతాయి. వయసు మళ్ళినవారిలో ఇది సహజంగా కనిపిస్తుంది, కానీ త్వరలో దూరప్రాంతానికి ఒంటరిగా వెళ్ళబోతున్నట్టు ఊహించుకొమ్మంటే యువకులు కూడా అలాగే ఎంచుకున్నారు. ఆగస్టులోనో సెప్టెంబరులోనో ఎవరో ఒకరు వెళ్ళిపోతారన్న ఎరుక ప్రతి సాయంత్రాన్నీ ఒక మెట్టు పైకి తీసుకుపోతుంది. ఆ వేడిలో కొంత వాటా క్యాలెండరుది. ఇది తెలిసినంత మాత్రాన ప్రేమ అబద్ధమైపోదు, కాని “ఇంత గాఢంగా అనిపిస్తోంది కాబట్టి ఇది జీవితాంతం నిలిచేదే” అని లెక్క కట్టేముందు ఆ వాటాను తీసివేసి చూడటం మంచిది.

చూడటానికి ఒక మార్గం ఉంది. ఒక కాగితం తీసుకొని, ఆ వ్యక్తి గురించి మీరు కళ్ళారా చూసిన, చెవులారా విన్న సంగతులు మాత్రమే రాయండి. “చాలా మంచి మనసు” అని రాయకండి, “బస్సులో ఎవరో పెద్దాయన సంచి కింద పడితే, ఎవరూ అడగకముందే లేచి సర్దిపెట్టాడు” అని రాయండి. “నన్ను బాగా అర్థం చేసుకుంటుంది” అని రాయకండి, “పరీక్ష పాడైందని చెప్పినప్పుడు ఓదార్చబోకుండా, ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయావని అడిగింది” అని రాయండి. కాగితం నిండితే మీ ఇష్టానికి నేల ఉంది. రెండు వాక్యాల దగ్గరే కలం ఆగిపోతే మీరు ప్రేమిస్తున్నది చాలావరకు మీ ఊహనే, కాబట్టి మనసులో మాట చెప్పడానికి ముందు ఇంకొంత పరిచయం పెంచుకోవడం ఇద్దరికీ క్షేమం.

చెప్పడం

మనసులో మాట చెప్పడానికి పెద్ద సన్నివేశం అక్కర్లేదు. నలుగురి ఎదుట చెప్పడం, స్నేహితుల ద్వారా కబురు పంపడం, బహుమతి చేతిలో పెట్టి చెప్పడం, ఈ మూడూ అవతలివారికి కాదనే వీలు లేకుండా చేస్తాయి కాబట్టి మానుకోవాలి. “నీతో గడిపే సమయం నాకు చాలా ఇష్టం, స్నేహం కంటే ఎక్కువగానే ఇష్టం, నీకు అలా లేకపోతే ఆ మాట ధైర్యంగా చెప్పవచ్చు” అన్నంత సూటిగా, కాదనడానికి తలుపు తెరిచి ఉంచి చెబితే చాలు. కాదంటే ఆ జవాబును ఒక్కసారికే అంగీకరించాలి. నీళ్ళు నమిలితే దాన్ని కూడా కాదన్నట్టే తీసుకోవాలి. మళ్ళీ మళ్ళీ అడిగి ఒప్పించడం ప్రేమలో పట్టుదల కింద చెలామణి అవుతూ వచ్చింది గానీ, అది అవతలివారిని విసిగించడమే.

వేసవి సాగుతుండగా

ఒప్పుకున్న తర్వాత మొదటి రెండు వారాల్లో ఎవరి మాటా ఎవరూ వినరు, విననక్కర్లేదు కూడా. ఆ తర్వాత నుంచి వారంలో కొంత సమయాన్ని ఆ వ్యక్తి ప్రమేయం లేకుండా మీకోసం అట్టిపెట్టుకోండి. ఆ సమయంలో చేసే పని అతనికో ఆమెకో నచ్చుతుందా అన్న ప్రశ్న రాకూడదు. ఈత నేర్చుకోవడం, చిన్న ఉద్యోగం, వంట, ఎప్పటినుంచో చదవాలనుకున్న లావుపాటి పుస్తకం, ఏదైనా ఫరవాలేదు. మీకు ఏది నిజంగా ఇష్టమో, ఏది పక్కన ఒకరు ఉండబట్టి ఇష్టమైందో ఇలాంటి గంటల్లోనే విడివిడిగా కనిపిస్తుంది. పాత స్నేహితులను కూడా ఈ సమయంలోనే కలుసుకోవాలి, ఎందుకంటే ఆ వేసవితో చెదిరిపోయేది ప్రేమికులు మాత్రమే కాదు.

నిద్ర సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్ర వైద్య నిపుణుల సిఫార్సు. తెల్లవారుజామున మూడింటికి నిద్రకళ్ళతో సాగే సందేశాల్లో పుట్టే తగాదాల్లో సగం, పొద్దున పది గంటలకు చూస్తే తగాదాలుగా కనిపించవు.

కొన్ని విషయాల్లో మాత్రం మెత్తదనం పనికిరాదు. ఫోను పాస్‌వర్డు అడగడం, మీరు ఎక్కడున్నారో నిమిషం నిమిషం చూపించమనడం, జవాబు ఆలస్యమైతే శిక్షగా మాట్లాడటం మానేయడం, స్నేహితుల్లో ఎవరెవరు ఉండకూడదో తేల్చడం, ఇవన్నీ ప్రేమ ముసుగులో వచ్చే పెత్తనం. నగ్న ఫొటోల్లాంటి ఏకాంతపు ఫొటోలు అడిగితే ఇవ్వకండి, మీరూ అడగకండి. పద్దెనిమిదేళ్ళ లోపువారి అలాంటి చిత్రాలను, వారు ఇష్టపడి పంపుకున్నా సరే, అనేక దేశాల చట్టాలు నేరంగా పరిగణిస్తాయి. ఇంటి పరిస్థితి ఎలాంటిదైనా, ఈ సంబంధం గురించి తెలిసిన పెద్దవారు ఒక్కరైనా ఉండాలి. అక్క కావచ్చు, మేనత్త కావచ్చు, నమ్మకమున్న ఉపాధ్యాయురాలు కావచ్చు. ఏదైనా తేడా వచ్చిన రోజున మొదటి నుంచీ కథంతా చెప్పుకోవలసిన పని లేకుండా, జరిగిన సంగతి మాత్రం చెప్పగలిగే మనిషి అవసరం.

కాలేజీ నిర్ణయం ఎవరిది

ఈ వ్యాసంలో నేను గట్టిగా పట్టుబట్టే విషయం ఇదే. మనస్తత్వవేత్త జేమ్స్ మార్షియా 1966లో, ఎరిక్సన్ ఆలోచనను ముందుకు తీసుకువెళుతూ, యువత తమ గుర్తింపును నిర్మించుకునే తీరును రెండు ప్రశ్నలతో కొలిచాడు. రకరకాల దారులను వెతికి చూశారా, ఏదో ఒకదానికి కట్టుబడ్డారా అన్నవి ఆ ప్రశ్నలు. వీటి జవాబులను బట్టి నాలుగు స్థితులు ఏర్పడతాయి. వాటిలో ఒకటి, ఏమీ వెతకకుండానే కట్టుబడిపోవడం. తల్లిదండ్రులు చెప్పారని కోర్సు ఎంచుకోవడం దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ప్రేమించిన మనిషి చేరుతున్నారని అదే కాలేజీ, అదే కోర్సు ఎంచుకోవడం కూడా సరిగ్గా అదే స్థితి, కాకపోతే దీన్ని స్వేచ్ఛ అనుకుంటాం కాబట్టి పట్టుకోవడం కష్టం. ఇంట్లోవాళ్ళ మాట కాదని తెగించి తీసుకున్న నిర్ణయం కూడా మరొకరు తీసుకున్నదే కావచ్చు.

పరీక్షించుకునే పద్ధతి సులువు. ఆ కాలేజీలో, ఆ కోర్సులో చేరడానికి మీకున్న కారణాలన్నీ రాసి, ఆ వ్యక్తికి సంబంధించిన ప్రతి వాక్యాన్నీ కొట్టేయండి. మిగిలినవి మీరు నాలుగేళ్ళు అక్కడ గడపడానికి సరిపోతాయా? సరిపోతే, ఇద్దరూ ఒకే చోట చేరడంలో తప్పేమీ లేదు. కాగితం మీద కొట్టివేతలు తప్ప ఏమీ మిగలకపోతే, దరఖాస్తు మార్చుకునే గడువు ఇంకా ఉందేమో ఆ రోజే కనుక్కోండి.

ఇంకా తేలకపోతే రాత సాయం చేస్తుంది. మనసును కలచివేస్తున్న విషయం గురించి రోజుకు పావుగంట చొప్పున వరుసగా నాలుగు రోజులు, వ్యాకరణం పట్టించుకోకుండా రాసే పద్ధతిని మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1980లలో కాలేజీ విద్యార్థులతో పరీక్షించాడు. రాసింది ఎవరికీ చూపించనక్కర్లేదు, ఆ వ్యక్తికి అసలే చూపించకండి. చూపిస్తామని తెలిస్తే కలం అబద్ధాలు మొదలుపెడుతుంది.

వెళ్ళే ముందు మాట్లాడుకోవలసిన మాట

ప్రయాణానికి మూడు వారాల ముందైనా ఈ మాట జరగాలి. చివరి రోజు సామాన్ల మధ్య జరిగితే అందులో ఏడుపు తప్ప నిర్ణయం ఉండదు. మాట సాగే తీరు దాదాపు ఇలా ఉంటుంది.

“నువ్వు వెళ్ళాక మనం ఏమవుతామో తెలియడం లేదు. అడగాలంటే భయంగా ఉంది, అడగకపోతే ఇంకా భయంగా ఉంది.”

“అప్పుడు చూద్దాంలే. ఇప్పుడెందుకు ఆ మాట?”

“అప్పటికి నువ్వొకచోట ఉంటావు, నేనొకచోట ఉంటాను. ఫోన్లో ఈ మాట ఎత్తడం నాకు చేతకాదు. ఇవాళే చెప్పమనడం లేదు, ఆదివారంలోగా ఆలోచించు, నేనూ ఆలోచిస్తాను.”

ఇక్కడ నింద లేదు, గడువు ఉంది. “చూద్దాంలే” అన్న మాటకు లొంగకపోవడమే ఇందులోని కిటుకు, ఎందుకంటే తేల్చకుండా నానబెట్టిన సంబంధం కొత్త ఊళ్ళో మొదటి నెలలను మింగేస్తుంది. కొనసాగించాలనుకుంటే కొన్ని వివరాలు నోరు తెరిచి మాట్లాడుకోవాలి. వారానికి ఎన్నిసార్లు మాట్లాడుకుంటారు, పరీక్షల రోజుల్లో జవాబు రాకపోతే కంగారు పడకూడదన్న ఒప్పందం ఉందా, కొత్త స్నేహితుల గురించి సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుందా, మొదటి సెలవుల్లో కలిసినప్పుడు కొనసాగాలా వద్దా అని మళ్ళీ ఆలోచించుకుంటారా అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ముగించాలనుకుంటే ఎదురుగా కూర్చొని చెప్పాలి, కారణం ఒక్కటే చెప్పాలి, “ఎప్పటికైనా మళ్ళీ” అన్న ఆశ ఇవ్వకూడదు. ఫోన్లు ఎత్తడం మానేసి ముఖం చాటేయడం ఒక వేసవంతా మనసు విప్పి మాట్లాడిన మనిషికి చేయదగిన పని కాదు.

చేరిన తర్వాత

విడిపోతే తట్టుకోలేమన్న భయంతోనే చాలామంది ఆ మాట ఎత్తరు. మనస్తత్వ పరిశోధకులు పాల్ ఈస్ట్‌విక్, ఎలై ఫింకెల్ తదితరులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో కాలేజీ మొదటి సంవత్సరం విద్యార్థులను నెలల తరబడి గమనించారు. విడిపోతే ఎంత బాధపడతామని వారు ముందుగా చెప్పారో, నిజంగా విడిపోయినప్పుడు సగటున అంతకంటే తక్కువే బాధపడ్డారు. ఎక్కువగా ప్రేమించిన వారి అంచనాలే ఎక్కువగా తప్పాయి. బాధ ఉండదని దీని అర్థం కాదు, ముందుగా ఊహించుకున్నంత ఉండదని మాత్రమే.

కొనసాగినా, ముగిసినా, కొత్త చోట మొదటి నెల సాయంత్రాలు గది బయట గడపండి. స్నేహాలు ఎక్కువగా ఆ రోజుల్లోనే కుదురుతాయి, ఆ సమయంలో ఫోను చెవికి ఆనించుకొని మెట్ల మీద కూర్చునే వారిని రెండోసారి ఎవరూ పిలవరు. ముగించుకున్నవారైతే, మొదటి కొన్ని వారాలు అవతలివారి ఫొటోలు, పోస్టులు కనబడకుండా ఫోన్లో మ్యూట్ చేసుకోవడం మంచిది. దీన్ని కోపంగా భావించవద్దని ముందే ఒక మాట చెప్పి ఉంచితే అపార్థం రాదు.

సెలవులకు ఇద్దరూ తిరిగి వచ్చినప్పుడు కలవాలనిపిస్తే పగటిపూట, నలుగురు తిరిగే చోట, ఒక గంటకు మించకుండా కలవండి, ఆ తర్వాత వెళ్ళవలసిన పని ఒకటి ముందే పెట్టుకోండి. వేసవిలో తిరిగిన చోట్లను ఆ మొదటి కలయికకు ఎంచుకోకండి. కొత్త చోట్లో కూర్చుంటే ఎదుటి మనిషి ఇప్పుడు ఎలా ఉన్నారో చూడటం సులువవుతుంది, మాట కూడా పాత సంగతుల నుంచి ఈ నాలుగు నెలల్లో ఎవరు ఏం చదివారు, ఎవరితో కలిశారు అన్న వైపు తనంతట తానే మళ్ళుతుంది.