అప్రెంటిస్‌గా చేరాలంటే: దరఖాస్తు నుంచి కాంట్రాక్టు నంబరు దాకా

పని నేర్పిస్తామని చేర్చుకుని నెలకు ఎంతో కొంత చేతిలో పెట్టే చోట్లు చాలానే ఉన్నాయి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద చేరడం అలాంటిది కాదు. దానికి ప్రభుత్వం వద్ద నమోదైన కాంట్రాక్టు, కనీస స్టైపెండ్, చివర దేశమంతటా చెల్లే సర్టిఫికెట్ ఉంటాయి. కంపెనీ పేరు ఎంత పెద్దదైనా ఆ కాంట్రాక్టు లేకపోతే మీరు అప్రెంటిస్ కారు, తక్కువ జీతానికి దొరికిన మనిషి మాత్రమే.

ఐటీఐ చేసినవారు, పదో తరగతితో చదువు ఆపినవారు సాధారణంగా జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కిందికి వస్తారు. 2016లో మొదలైన ఈ పథకానికి 'అప్రెంటిస్‌షిప్ ఇండియా' పోర్టల్‌లో నమోదు కావాలి. డిప్లొమా, డిగ్రీ, ఇంజినీరింగ్ పూర్తి చేసినవారికి 'నాట్స్' (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) అనే వేరే పోర్టల్ ఉంది. తెలుగు రాష్ట్రాలకు దాని ప్రాంతీయ బోర్డు చెన్నైలో ఉంది. కనీస వయసు 14 ఏళ్లు, ప్రమాదకరమైన పనులకైతే 18.

నమోదుకు ఫోను నంబరు, ఈమెయిల్, ఆధార్, మార్కుల మెమోలు, ఐటీఐ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా వివరాలు దగ్గర పెట్టుకోండి. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో సరిపోకపోతే ముందు దాన్ని సరిచేయించుకోవడం మంచిది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండటం మనవాళ్లకు మామూలే. తనిఖీ దగ్గర ఆ తేడాయే అడ్డం పడుతుంది.

బ్యాంకు సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. ప్రోత్సాహక పథకం కింద చేరినవారికి స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా నెలకు 1,500 రూపాయలు, కేంద్రం నేరుగా అభ్యర్థి ఖాతాలో వేస్తుంది. మిగతాది కంపెనీ ఇస్తుంది. ఖాతాకు ఆధార్ నంబరు ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వ వాటా అందులో పడదు. నగదు బదిలీకి ఆ ఖాతానే ఆధార్‌తో అనుసంధానం చేయమని బ్యాంకులో విడిగా అడగాలి. రెండు మూడు ఖాతాలున్నవారి సొమ్ము, చివరిసారి అలా అనుసంధానం చేసిన ఖాతాలోకి వెళ్తుంది. డబ్బు రాలేదని కంగారుపడే ముందు ఆ పాత ఖాతా చూసుకోండి.

ప్రొఫైల్ పూర్తయ్యాక ట్రేడు (నేర్చుకోబోయే వృత్తి), జిల్లా ఎంచుకుని ఖాళీలు వెతికి దరఖాస్తు పెట్టాలి. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి కాబట్టి పెద్ద పేర్ల దగ్గరే ఆగిపోనక్కరలేదు. ఎంపిక చేసుకునేది సంస్థే, పోర్టల్ కాదు. ఆఫర్ అంగీకరించాక కాంట్రాక్టు తయారవుతుంది. మైనరైతే సంరక్షకుడు సంతకం చేయాలి. ట్రేడు, శిక్షణ కాలం, స్టైపెండ్ చదివి, నమోదు సంఖ్య రాసి పెట్టుకోండి. 2019 నిబంధనలు చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల దాకా కనీస స్టైపెండ్ నిర్ణయించాయి. దాన్ని 36 శాతం పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది.

రైల్వే దారి వేరు. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్‌లకు సికింద్రాబాద్‌లోని రిక్రూట్‌మెంట్ సెల్ నోటిఫికేషన్ ఇస్తుంది, దరఖాస్తు కూడా దాని వెబ్‌సైట్‌లోనే. రాత పరీక్ష ఉండదు. పదో తరగతి, ఐటీఐ మార్కుల సగటుతో జాబితా వేస్తారు. "నా దగ్గర సీటుంది" అని డబ్బు అడిగేవాడికి ఆ జాబితాలో చేయగలిగేది ఏమీ లేదు.

శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇవ్వాలని చట్టం కంపెనీని బలవంతపెట్టదు. అయితే రైల్వేలో శిక్షణ పూర్తిచేసి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ పొందినవారికి లెవెల్-1 (పాత గ్రూప్-డి) పోస్టుల ప్రత్యక్ష నియామకాల్లో 20 శాతం కేటాయించారు. అందుకు అఖిల భారత ట్రేడు పరీక్ష పాసవ్వాలి కాబట్టి, మధ్యలో మానేసినవారికి ఆ వాటా వర్తించదు.